ఆశీర్వాదము అడుగుట, దేవుని నమ్ముట: ఒంగోలు, డిచ్‌పల్లి చరిత్ర నేర్పే పాఠము

వాక్యభాగము: 2 రాజులు 5:1–27; మార్కు 1:40–42

 పొలానికి బయలుదేరుతూ, వంటపని చూసుకుంటూ, బీడీల చాట ఒడిలో పెట్టుకుని ఈ సందేశాన్ని ఆలకిస్తున్న ప్రతి ఒక్కరినీ దేవుడు దీవించును గాక.

ఈ దినము మనము ధ్యానించబోయే అంశము ఆశీర్వాదము కొరకు చేసే ప్రార్థన. మన సదాశివనగర్ చుట్టుపక్కల గ్రామాల్లో ఏ ప్రార్థన కూడికకు వెళ్లినా విన్నపాలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి. “అయ్యగారూ, రేపు బోరు వేస్తున్నాము, నీళ్లు పడాలని ప్రార్థన చేయండి.” “మా పిల్లవాడికి దుబాయి వీసా రావాలి.” “అమ్మాయికి మంచి సంబంధం కుదరాలి.” “అప్పు తీరాలి.” “నాన్నకు కిడ్నీ బాగుపడాలి.” ఇవి తప్పు విన్నపాలు కావు. ప్రభువు తానే తన శిష్యులకు అనుదిన ఆహారము కొరకు అడగమని నేర్పించాడు. ఆకలి, రోగము, అప్పు గురించి దేవునితో మాట్లాడటానికి సిగ్గుపడవలసిన పని లేదు.

అయితే ప్రియులారా, అడిగిన తరువాత మన హృదయము ఎక్కడ నిలుస్తుంది? అడిగిన వస్తువు మీదనా, ఇచ్చే దేవుని మీదనా? బోరులో నీళ్లు పడితే దేవుడు ఉన్నాడు, పడకపోతే లేడు అన్నట్లు కొందరి విశ్వాసము ఊగిసలాడుతుంది. మరికొందరు దేవునితో బేరము పెట్టుకుంటారు. ఇంత కానుక వేస్తే ఇన్ని రెట్లు తిరిగి వస్తుందని ఎవరో చెప్పిన మాట నమ్మి, వడ్డీకి తెచ్చి మరీ సమర్పించిన కుటుంబాలు ఉన్నాయి. అడిగినది రాలేదు, అప్పు మాత్రం మిగిలింది. ఆ తరువాత వారు మందిరానికి రావడమే మానేశారు. ఒక కుటుంబము యొక్క అన్నము, దానితోపాటు వారి విశ్వాసము కూడా ఇందులో పణంగా ఉన్నాయి. అందుకే ఈ సంగతిని జాగ్రత్తగా ఆలోచించవలసి ఉన్నది.

నయమాను రెండు పొరపాట్లు

పరిశుద్ధ గ్రంథములో సిరియా సైన్యాధిపతి నయమాను సంగతి మనందరికీ తెలిసినదే. గొప్పవాడు, పరాక్రమశాలి, కాని కుష్ఠరోగి. స్వస్థత కోరి ఇశ్రాయేలు దేశానికి వచ్చాడు. వచ్చేటప్పుడు ఏమి తెచ్చుకున్నాడో గమనించండి. వెండి తెచ్చాడు, బంగారము తెచ్చాడు, పది దుస్తులు తెచ్చాడు. స్వస్థతకు ఒక వెల ఉంటుంది, అది చెల్లించి తీసుకుపోవచ్చు అన్నది అతని మొదటి ఆలోచన.

రెండవది, ఆ స్వస్థత ఎలా జరగాలో కూడా అతడు ముందే నిర్ణయించుకున్నాడు. ప్రవక్త బయటికి వస్తాడు, ఎదుట నిలుచుంటాడు, దేవుని పేరు ఎత్తి ప్రార్థించి, రోగమున్న చోట చెయ్యి ఆడిస్తాడు అనుకున్నాడు. ఎలీషా బయటికే రాలేదు. యొర్దానులో ఏడు మారులు స్నానము చేయమని కబురు మాత్రం పంపాడు. నయమానుకు కోపము వచ్చింది. మా దమస్కు నదులు ఇంతకంటే మంచివి కావా అని వెనక్కి తిరిగాడు. చివరికి అతని దాసుల మాట అతనిని నదిలోకి దించింది.

స్వస్థత పొందిన తరువాత తెచ్చిన కానుకను ఇవ్వబోతే ఎలీషా ఒక్కటి కూడా ముట్టలేదు. ప్రవక్త కాదన్నదానిని అతని సేవకుడు గేహజీ వెంటపడి అడిగి తీసుకున్నాడు. దాని ఫలితము ఏమైనదో ఆ అధ్యాయము చివర ఉన్నది. దేవుని మేలు అమ్మకానికి లేదని ఈ అధ్యాయము మనకు చెప్తుంది. అది వచ్చే మార్గము మనము గీసిన గీత కాదని కూడా చెప్తుంది. ఈ రెండు సంగతులను మన తెలుగు నేల మీద సంఘ చరిత్ర ఎలా రుజువు చేసిందో ఇప్పుడు చూద్దాము.

ఒంగోలు కొండ: కనిపెట్టిన సంవత్సరములు

మొదట కోస్తా వైపు వెళ్దాము. తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టుల సేవ 1836లో శామ్యూల్ డే రాకతో ఆరంభమైంది. 1840లో ఆయన నెల్లూరులో స్థిరపడ్డారు. 1849లో లైమన్ జువెట్ దంపతులు వారితో చేరారు. ఎంత ప్రయాసపడినా ఫలితము చాలా తక్కువ. ఇంత ఖర్చు, ఇంత శ్రమ, వ్రేళ్ల మీద లెక్కపెట్టగల విశ్వాసులు! ఈ సేవను మూసివేయడము మంచిది కాదా అని అమెరికాలోని పెద్దలు ఒకసారి కాదు, పలుమార్లు ఆలోచించారు. 1853లో ఆల్బనీ పట్టణములో జరిగిన సమావేశములోనూ అదే చర్చ. పటము మీద ఒంటరిగా కనిపించే ఈ సేవాస్థలానికి అప్పటినుండి “ఒంటి నక్షత్రము” అనే పేరు వచ్చింది.

1854 జనవరి 1వ తేదీ ఉదయము, సూర్యోదయ వేళ, ఒంగోలు పట్టణము పక్కన ఉన్న కొండ మీద ఐదుగురు మోకరించారు. జువెట్ దంపతులు, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఈ ఊరికి ఒక సేవకుని పంపమని వారు దేవుని వేడుకున్నారు. నేటికీ ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు నిలిచి ఉన్నది.

మరుసటి ఏడు సేవకుడు వచ్చాడా? రాలేదు. రెండేళ్లకు వచ్చాడా? రాలేదు. జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురము పెట్టినది 1866లో. అంటే ఆ ఉదయపు ప్రార్థనకు, దాని జవాబుకు మధ్య పన్నెండు సంవత్సరములకు పైగా గడిచింది. ఆ పన్నెండేళ్లలో జువెట్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బోధించారు, తెలుగు బైబిలు పనిలో పాలుపంచుకున్నారు, సేవను మూసివేయవద్దని స్వదేశములో వాదించారు. ఆయన కనిపెట్టిన విధము అదే.

1867 జనవరి 1న ఒంగోలులో సంఘము స్థాపించబడింది. సభ్యులు ఎనిమిది మంది. ఇక్కడ మరొక సంగతి గమనించండి. క్లౌ దంపతుల పాఠశాలకు పట్టణములోని పై కులాల కుటుంబాలు పిల్లలను పంపుతుండేవి. పెద్దల మనసు అలా మారితే ఊరంతా మారుతుందన్న ఆశ అప్పటి సేవకులలో సహజముగా ఉండేది. కాని సువార్తను ఆకలితో అందుకున్నవారు పల్లెల అంచున నివసించే మాదిగ కుటుంబాలవారు. తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య వారిలో ప్రముఖుడు. వారు సంఘములోకి రాగానే పై కులాలవారు తమ పిల్లలను బడి మాన్పించారు. ఎదురుచూసిన తలుపు మూసుకుంది, ఎదురుచూడని తలుపు తెరుచుకుంది. ఆ కలవరపు దినములలో 1 కొరింథీయులకు 1:26–29 తమను నిలబెట్టిందని క్లౌ తరువాత తన జీవితకథలో చెప్పారు. లోకము లెక్కచేయనివారిని దేవుడు ఏర్పరచుకుంటాడని పౌలు అక్కడ బోధిస్తున్నాడు. నయమానుకు యొర్దాను ఎలాంటిదో, ఒంగోలు సేవకు ఈ మార్గము అలాంటిది.

కరువులో మూసిన బాప్తిస్మపు తలుపు

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని మహా కరువు పట్టుకుంది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు ప్రాంతములో జనులు ఆకలితో, కలరాతో రాలిపోయారు. క్లౌకు సేవకు రాకముందు భూమి కొలిచే సర్వే పని అనుభవము ఉంది. ప్రభుత్వము కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు ఆయన తీసుకున్నారు. ఏ కులమువాడైనా, ఏ మతమువాడైనా పని దొరికింది, కూలి దొరికింది. సంఘ బోధకులు మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. సాయంత్రము కూలీల మధ్య కూర్చుని దేవుని మాట చెప్పారు.

వేలమంది బాప్తిస్మము కోరారు. లెక్కలు చూపించుకోవాలనుకునే సేవకునికి అంతకంటే మంచి అవకాశము ఉంటుందా? క్లౌ ఇవ్వలేదు. కరువు సాయము నడిచినంత కాలము, సుమారు పదిహేను నెలలు, బాప్తిస్మము ఆపివేశారు. కూలి కోసమో, గింజల కోసమో ఎవడూ క్రీస్తు పేరు ధరించకూడదన్నది ఆయన పట్టుదల. అన్నము అన్నమే, విశ్వాసము విశ్వాసమే. ఒకటి చూపి మరొకటి కొనకూడదు. ఎలీషా నయమాను వెండిని ముట్టకపోవడము ఎలాంటిదో ఇది అలాంటిది.

1878లో సాయము పంచే పని ముగిసింది. ఇకమీదట ఇవ్వడానికి డబ్బు లేదని జనులకు తెలిసిన తరువాత కూడా వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, వంతులవారీగా ఆ పరిచర్య జరిగించారు. ఆ సంవత్సరము ముగిసేసరికి కొత్త విశ్వాసుల సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

మనము ఈ చరిత్రను చెప్పుకునేటప్పుడు 2,222 అనే సంఖ్యను గొప్పగా చెప్పుకుంటాము. దానికి ముందున్న పదిహేను నెలలను చెప్పుకోము. ఆశీర్వాదము చేతికి అందేంత దగ్గరలో ఉన్నప్పుడు కూడా దానిని అడ్డదారిలో లాక్కోకుండా దేవుని మీద ఆనుకోవడము ఎంత కష్టమో ఆ పదిహేను నెలలు చెప్తాయి.

మన దారిలోని డిచ్‌పల్లి

ఇప్పుడు మన ప్రాంతానికి తిరిగి వద్దాము. నైజాము రాజ్యములోని మన తెలంగాణ పల్లెలకు సువార్త ఎక్కువగా వెస్లియన్ మెథడిస్టు సేవకుల ద్వారా వచ్చింది. మెదకు కేంద్రముగా చార్లెస్ వాకర్ పాస్నెట్ పని చేశారు. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదకు దేవాలయము మనలో చాలామంది చూసినదే. ఆకలితో ఉన్నవారికి ఆ కట్టడములో పని ఇచ్చి తిండి పెట్టిన సంగతి మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ మెథడిస్టు సంఘాలు అందులో చేరాయి.

అదే కాలములో, మన సదాశివనగర్ మీదుగా నిజామాబాదు వైపు సాగే రహదారి పక్కన, డిచ్‌పల్లిలో మరొక పని జరిగింది. స్కాట్లాండు దేశస్థురాలు డాక్టర్ ఇసబెల్ కెర్ 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయములో వైద్యపట్టా పొందారు. ఆమె, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చి, నిజామాబాదు ప్రాంతములో సేవ చేపట్టారు. అక్కడ ఆమె కళ్లకు కనిపించినది “పెద్దరోగము” పట్టినవారి బ్రతుకు. కుష్ఠు వచ్చినవాడిని ఊరు వెలివేసేది. ఇల్లు వెలివేసేది. బావి దగ్గరికి రానిచ్చేవారు కారు. చెట్టు కింద, గుడి బయట, సంత అంచున అడుక్కుంటూ బ్రతికేవారు.

1911లో నిజామాబాదులో వారి కోసము ఒక ఆశ్రయము మొదలైంది. వచ్చేవారి సంఖ్య పెరిగి చోటు చాలలేదు. పెద్ద ఆసుపత్రి కావాలి, దానికి భూమి కావాలి, డబ్బు కావాలి. ఆ అవసరములో దేవుడు ఎవరిని వాడుకున్నాడు? విదేశపు సంఘాన్నే కాదు, రాజా నర్సాగౌడ్ అనే మన ప్రాంతపు హిందూ దాతను కూడా వాడుకున్నాడు. ఆయన ఉదారముగా పెద్ద మొత్తము విరాళమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, అందరికీ అక్కడ చోటు దొరికింది. దేవుడు తన మేలును మన సంఘపు గోడల లోపలినుండే పంపుతాడని ఎక్కడా వాగ్దానము చేయలేదు. సారెపతు విధవరాలి చేత ఏలీయాను పోషించినది ఆయనే కదా!

అయితే ప్రియులారా, ఒక కష్టమైన సత్యము ఇక్కడ ఉన్నది. 1915లో కుష్ఠును పూర్తిగా నయము చేసే మందు లోకములో ఎక్కడా లేదు. ఆ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. కారణము తెలిసింది, మందు తెలియలేదు. చాల్‌మూగ్రా జాతి గింజల నూనె ఒక్కటే ఆధారము. తాగితే కడుపులో నిలవదు, పొడిస్తే భరించలేని నొప్పి. నయము చేస్తానని చెప్పలేని ఆసుపత్రిని ఎందుకు కట్టాలి? స్వస్థత రాదని తెలిసి ఎలా ప్రార్థించాలి?

ఆ ప్రశ్నకు డిచ్‌పల్లి ఇచ్చిన జవాబు పని. పుండు కడిగారు. అన్నము పెట్టారు. ముట్టుకోవడానికి లోకము భయపడిన చేతిని పట్టుకున్నారు. రోగి అనే పేరు తప్ప మరో పేరు మిగలనివారిని మనుష్యులుగా చూశారు. రావలసిన పెద్ద మేలు దేవుని చేతిలో ఉన్నది. చేయవలసిన చిన్న మేలు తమ చేతిలో ఉన్నది. మొదటిది రాలేదని రెండవదానిని వారు ఆపలేదు.

ఆ సమయములోనే దూరదేశాల్లో దేవుడు ఏమి చేస్తున్నాడో చూడండి. సరిగ్గా 1915 ప్రాంతములో, పసిఫిక్ మహాసముద్రము మధ్యనున్న హవాయి ద్వీపములో, ఆలిస్ బాల్ అనే ఇరవై మూడేళ్ల నల్లజాతి యువతి ఆ నూనెను శరీరము ఇముడ్చుకునే ఇంజెక్షనుగా మార్చే పద్ధతి కనుగొంది. మరుసటి సంవత్సరమే ఆమె కన్నుమూసింది. మన దేశములో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, మిషనరీ వైద్యునిగా సేవ మొదలుపెట్టిన ఎర్నెస్ట్ మ్యూయిర్ ఇలాంటి చికిత్సను అభివృద్ధి చేశారు. 1920ల నాటికి ఆ ఇంజెక్షన్లు డిచ్‌పల్లికి చేరాయి. కొందరికి మచ్చలు తగ్గాయి, కొందరు ఇళ్లకు తిరిగి వెళ్లారు. జనులలో ఆశ పుట్టింది, రోగులు తమంతట తాము వెదుక్కుంటూ వచ్చారు. ఇసబెల్ కెర్ సేవకు గుర్తింపుగా 1923లో కైసర్-ఎ-హింద్ పతకము లభించింది.

కాని అది సంపూర్ణ స్వస్థత కాదు. నెలల తరబడి, సంవత్సరాల తరబడి సూదులు పొడిపించుకోవాలి. కొందరికి పనిచేసేది, కొందరికి తిరగబెట్టేది. డాక్టర్ ఇసబెల్ కెర్ 1932లో మరణించారు. కుష్ఠు మీద నిజముగా పనిచేసే సల్ఫోన్ మందు మొదటిసారి రోగులపై ప్రయోగించబడినది 1941లో, అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో. అంటే ఆమె చనిపోయిన తొమ్మిదేళ్లకు. ఆ తరువాత డాప్సోను బిళ్ల వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు మందులు కలిపి వాడే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 2005 చివరికి మన దేశములో కుష్ఠు 10,000 మందికి ఒక్కటి కంటే తక్కువ స్థాయికి దిగింది.

డిచ్‌పల్లి మంచాల మీద పడుకుని స్వస్థత అడిగినవారిలో చాలామంది ఆ మందును చూడకుండానే వెళ్లిపోయారు. వారి ప్రార్థన వృథా అయినదా? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదకొండవ అధ్యాయము చదవండి. వాగ్దాన ఫలమును చేతితో పట్టుకోకుండా, దూరమునుండి చూసి, దానికి వందనము చేసి మృతిపొందినవారి జాబితా అక్కడ ఉన్నది. వారిని విశ్వాసము లేనివారని ఆ పత్రిక అనలేదు. విశ్వాసవీరులని అన్నది.

మన ప్రార్థనలకు ఈ చరిత్ర ఏమి చెప్తుంది?

మొదటిది, అడుగుదాము. ఆ కొండ మీది ఐదుగురు అడగడానికి భయపడలేదు. ప్రభువు కూడా తండ్రి రొట్టె అడిగిన పిల్లవానికి రాయి ఇవ్వడని మత్తయి 7వ అధ్యాయములో నేర్పాడు. బోరు కోసము, పిల్లల చదువు కోసము, రోగి కోసము ధైర్యముగా అడగండి.

రెండవది, బేరము పెట్టవద్దు. కానుక ఇవ్వడము కృతజ్ఞత. నయమాను స్వస్థత పొందిన తరువాత ఇవ్వాలనుకున్నాడు, అప్పుడు కూడా ప్రవక్త తీసుకోలేదు. పొందకముందే వెల చెల్లించమని ఎవరైనా అడిగితే, అప్పు తెచ్చి అయినా విత్తనముగా వేయమని చెప్తే, గేహజీని గుర్తు తెచ్చుకోండి. మీ పిల్లల ఫీజు, ఇంట్లో బియ్యము, సహకార సంఘానికి కట్టవలసిన కిస్తు, ఇవి దేవునికి తెలియనివి కావు. వాటిని పణముగా పెట్టమని ఆయన కోరడు.

మూడవది, విధానాన్ని ఆయనకు వదిలివేయండి. వీసా రావాలని అడిగాము, ఇక్కడే పని దొరికింది. అది జవాబు కాదా? ప్రార్థన చేసి స్వస్థత కోరాము, డాక్టరు మందు రాసి ఇచ్చాడు. మందు మింగితే విశ్వాసము తగ్గినట్లు కొందరు భావిస్తారు. యొర్దాను నీళ్లలో దిగడము నయమానుకు అవిశ్వాసము కాలేదు, విధేయత అయింది. మన గ్రామాల్లో నేటికీ కుష్ఠు అక్కడక్కడ కనిపిస్తుంది. ఒంటి మీద చర్మము కంటే పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ, దాని మీద గిల్లినా స్పర్శ తెలియకపోవడము దాని గుర్తులు. అటువంటిది ఉంటే దాచిపెట్టవద్దు. ప్రార్థన చేయండి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు ఉచితము. రోగ స్థాయినిబట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు క్రమముగా వాడితే నయమవుతుంది. ఆలస్యము చేస్తే పోయిన స్పర్శ, వంకరపోయిన వ్రేళ్లు తిరిగి రావడము కష్టము. డిచ్‌పల్లి తరమువారు చూడాలని కోరుకుని చూడలేకపోయిన జవాబు నేడు మన మండల కేంద్రములో బిళ్ల రూపములో ఉన్నది. దానిని కాదనడము భక్తి కాదు.

నాలుగవది, కనిపెట్టే కాలములో చేతిలోని పని విడువవద్దు. జువెట్ పన్నెండేళ్లు పని చేస్తూ కనిపెట్టారు. ఇసబెల్ కెర్ మందు లేని రోజుల్లో పుండ్లు కడిగారు. మీరు మీ ఇంటికి మేలు అడుగుతున్న సమయములోనే పక్క ఇంటివారికి మీరు చేయగల మేలు ఏదైనా ఉందేమో చూడండి. కొన్నిసార్లు వారి ప్రార్థనకు జవాబు మీ చేతిలో ఉంటుంది.

జవాబు రానివారికి ఒక మాట

ఈ సందేశము వింటున్నవారిలో కన్నీళ్లతో ప్రార్థించినా బిడ్డను పోగొట్టుకున్నవారు ఉండవచ్చు. గల్ఫుకు వెళ్లిన భర్త పెట్టెలో తిరిగి వచ్చిన సహోదరి ఉండవచ్చు. మీ విశ్వాసము చాలలేదు, అందుకే ఇలా జరిగింది అని ఎవరైనా మీతో అని ఉంటే, ఆ మాట దేవుని మాట కాదు. అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లు తొలగించమని మూడు మారులు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప వచ్చింది. గెత్సేమనేలో మన ప్రభువు తానే ఆ గిన్నె తన యొద్దనుండి తొలగిపోవాలని అడిగి, చివరకు తండ్రి చిత్తానికి తన్ను అప్పగించుకున్నాడు. గిన్నె తొలగిపోలేదు. ఆయన విశ్వాసము చాలలేదని ఎవరు అనగలరు? ఏడవండి, అడగండి, ఎందుకని కూడా అడగండి. కీర్తనలలో ఎన్నో అలాంటివే. దేవుని ఎదుట ఏడ్చేవాడు ఇంకా ఆయనను నమ్ముతున్నవాడే.

చివరిగా మార్కు సువార్త మొదటి అధ్యాయములోని ఆ కుష్ఠరోగిని చూద్దాము. అతడు ప్రభువు ఎదుట మోకాళ్లూని పలికినది చాలా చిన్న ప్రార్థన. ప్రభువుకు శక్తి ఉన్నదా అన్న సందేహము అందులో లేదు. నన్ను బాగుచేయి అనే ఆజ్ఞ కూడా లేదు. శక్తిని ఒప్పుకున్నాడు, ఇష్టాన్ని ఆయనకే విడిచిపెట్టాడు. నయమాను తెచ్చిన వెండి అతని చేతిలో లేదు, నయమాను మనసులో గీసుకున్న పద్ధతీ లేదు. ఆశీర్వాదము కోసము మనము నేర్చుకోవలసిన ప్రార్థన ఇదే.

ప్రభువు ఏమి చేశాడు? మాటతో స్వస్థపరచగలవాడు, ముందు చెయ్యి చాపి అతనిని ముట్టాడు. ఎన్ని సంవత్సరములుగా ఎవరూ ముట్టని మనిషి! మనము అడిగిన మేలు ఈ దినమే రావచ్చు, పన్నెండేళ్లకు రావచ్చు, మన పిల్లల కాలములో రావచ్చు. కాని మోకరించిన మనిషిని ముట్టుకునే ఆ చెయ్యి మాత్రం ఆలస్యము చేయదు.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా అవసరములు నీకు తెలుసు. మా పొలాలకు నీరు, మా రోగులకు స్వస్థత, మా పిల్లలకు దారి, మా అప్పులకు తీర్పు నీయొద్ద అడుగుచున్నాము. నీతో బేరమాడే మనసును మా నుండి తీసివేయుము. నీవు ఇచ్చే విధమును, నీవు ఇచ్చే సమయమును అంగీకరించే నమ్మిక మాకు దయచేయుము. కనిపెట్టే దినములలో మా చేతులు పనిచేయునట్లు, మా పొరుగువారికి మేలు చేయునట్లు సహాయము చేయుము. దుఃఖములో ఉన్నవారిని నీ చెయ్యి చాపి ముట్టుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.